వరద తరువాత పసిపిల్లల చదువు: ఫోను పాఠాలు నిజంగా చవకేనా?

పెరంబూరు వాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగైనది, ఓపికగా చదవవలసిందిగా మనవి.

ఉత్తర చెన్నైలో పారిశుద్ధ్య కార్మికులు ఎక్కువగా ఉండే ఒక పేటలో, మూడు నుండి ఆరేళ్ళ లోపు పిల్లల కోసం మేము ఏడుగురం మిత్రులం కలిసి ఒక చిన్న బడి నడుపుతున్నాము. ఈ కుటుంబాల పెద్దలు రెండు మూడు తరాల కిందట నెల్లూరు, ఒంగోలు వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరువాత చేరబోయే బడిలో తమిళమో ఇంగ్లీషో. ఐదేళ్ళు నిండేసరికే పిల్లవాడు మూడు భాషల మధ్య నలుగుతాడు. అందుచేత ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తమిళంలోకి తీసుకువెళ్ళే ఉద్దేశంతో ఒక గది, ఇద్దరు టీచర్లు, నాలుగు చాపలు, ఒక బొమ్మల పెట్టెతో దీనిని ప్రారంభించాము.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటక ముందు చెన్నైని ముంచెత్తినప్పుడు మా గదిలోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. అట్టబొమ్మలు, పుస్తకాలు ముద్దయిపోయాయి, గోడలు ఆరడానికే నెల పట్టింది. ఏడు వారాల పాటు బడి తెరవలేకపోయాము. ఆ రోజులలో మా టీచర్లలో ఒకామె ఎవరూ చెప్పకుండానే సాయంత్రం పూట తల్లులకు ఫోను చేసి, పిల్లలతో కథలు చెప్పించడం, ఇంట్లోని చెంబులూ గిన్నెలూ లెక్కపెట్టించడం మొదలుపెట్టింది. దానిని మేము అప్పట్లో ఒక కార్యక్రమంగా భావించలేదు, ఆవిడ మంచితనం అనుకున్నాము.

అటు తరువాత కొన్ని కుటుంబాలు పెరుంబాక్కం వైపు ఉన్న పునరావాస గృహాలకు వెళ్ళిపోయాయి. మా 60 మంది పిల్లలలో 22 మంది ఇప్పుడు అక్కడే ఉన్నారు. రెండు బస్సులు మారి రోజూ పసిపిల్లను ఇక్కడికి తీసుకురావడం ఏ తల్లికీ సాధ్యం కాదు. ఇలా ఉండగా మాకు ఎక్కువ మొత్తం ఇచ్చే దాత ఒకరు, లెబనాన్‌లో సిరియా శరణార్థుల పిల్లలకు వాట్సాప్ ద్వారా 11 వారాలు పాఠాలు చెబితే ఏడాది బడికి సమానమైన ఫలితం వచ్చిందని ఎక్కడో చదివి, గదిని పూర్తిగా మూసివేసి 60 మందికీ ఫోను పాఠాలే పెట్టమంటున్నారు. అద్దె మిగులుతుంది, ఒక టీచరు జీతం మిగులుతుంది, మరో వంద మంది పిల్లలను చేర్చుకోవచ్చు అన్నది ఆయన వాదన.

ఆయన మాటలో ఎంత నిజముంది? యుద్ధం వల్లనో, వరద వల్లనో చెదిరిపోయిన కుటుంబాలలో పసిపిల్లలకు దూరం నుండి చదువు చెప్పడం వల్ల పెట్టిన రూపాయికి తగిన ఫలితం వస్తుందని దేనిని బట్టి చెబుతున్నారు? మా ఖర్చు నెలకు 40,000 రూపాయలు: ఇద్దరు టీచర్లకు 24,000, అద్దెకు 9,000, పాలు, పండ్లు, సామగ్రికి 7,000. ఏడాదికి పది నెలలు నడుపుతాము. వరదకు ముందు సగటున రోజుకు 42 మంది వచ్చేవారు.

పద్దుల మనిషి, బెంగళూరు:

నమస్కారం అండీ. స్వచ్ఛంద సంస్థలకు ఖర్చుల లెక్కలు కట్టి పెట్టడం నా వృత్తి కనుక ఆ వైపు నుండి చెబుతాను. పిల్లల మనస్తత్వం గురించి నాకు తెలిసింది తక్కువ.

ముందుగా లెబనాన్ సంగతి. మీ దాత చదివింది పుకారు కాదు. పిల్లల టీవీ కార్యక్రమాలు తీసే సెసమీ వర్క్‌షాప్, శరణార్థులకు సాయపడే ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ కలిసి చేపట్టిన ‘అహ్లాన్ సిమ్‌సిమ్’ అనే పెద్ద ప్రయత్నంలో అదొక భాగం. 2017లో అమెరికాలోని మెకార్థర్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ దీనికి 10 కోట్ల డాలర్లు ఇచ్చింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లాటరీ పద్ధతిలో కుటుంబాలను వేరు వేరు జట్లుగా చేసి పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. 11 వారాల ఫోను కార్యక్రమం వల్ల కలిగిన మేలు, ఇతర చోట్ల ఏడాది పొడుగునా నడిచిన బడుల వల్ల కలిగిన మేలుతో పోల్చదగినదిగా ఉందన్నది వారు చెప్పిన విషయం.

అయితే ఈ వాక్యాన్ని ఆగి చదవాలి. ఒకే ఊళ్ళో కొందరిని బడికి, కొందరిని ఫోనుకు పంపి పోల్చలేదు. ఫోను పాఠాలు విన్న పిల్లలను, అప్పటికి ఏ పాఠమూ అందక తమ వంతు కోసం వేచి ఉన్న పిల్లలతో పోల్చారు; అలా తేలిన తేడాను వేరే దేశాలలో వేరే పరిశోధనలలో బడుల వల్ల వచ్చిన తేడా పక్కన పెట్టి చూశారు. ఆ పిల్లలు బడిలో చేరే వయసుకు వచ్చినవారు, అంటే ఐదారేళ్ళవారు. వారికి అందుబాటులో బడి లేదు. కనుక ఆ ప్రయోగం జవాబు చెప్పిన ప్రశ్న ‘ఏమీ లేనిచోట ఫోను పనిచేస్తుందా’ అన్నది. మీ దాత అడుగుతున్నది ‘ఉన్న గదిని మూసి ఫోను పెడితే సరిపోతుందా’ అన్న ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకు ఆ ప్రయోగంలో సమాధానం లేదు.

ఇక మీ లెక్క చూద్దాము. గదికి ఏడాదికి 4,00,000 రూపాయలు. చేరిన 60 మందితో భాగిస్తే తలసరి 6,667. నిజంగా వచ్చిన 42 మందితో భాగిస్తే 9,524. మన నివేదికలలో సాధారణంగా మొదటి అంకె కనబడుతుంది, రెండవది మరుగున పడుతుంది. ఫోను కార్యక్రమాలలో ఈ తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే వాట్సాప్ గుంపులో పేరు ఉన్నంత మాత్రాన ఆ పిల్లవాడు పాఠం విన్నట్టు కాదు.

పెరుంబాక్కంలోని 22 మందికి ఫోను పాఠాలు పెట్టారనుకుందాము. నలుగురైదుగురు తల్లులకు ఒక గుంపు చొప్పున ఐదు గుంపులు, వారానికి మూడు పిలుపులు, ఒక్కొక్కటి అరగంట. అంటే వారానికి ఏడున్నర గంటలు. ఎత్తనివారికి మళ్ళీ చేయడం, సందేశాలు పంపడం, రేపటి పాఠం సిద్ధం చేసుకోవడం కలిపితే టీచరుకు సగం రోజు పని. ఆమెకు నెలకు 6,000, పర్యవేక్షణకు 2,000, తల్లి ఫోనుకు రీచార్జి 200 చొప్పున మూడు నెలలు, పిల్లకు 250 రూపాయల సంచీ ఒకటి (సుద్దలు, బొమ్మల అట్టలు, పూసలు). మొత్తం 42,700 రూపాయలు, తలసరి 1,941. చివరి వారం దాకా నిలిచేది 14 మందే అయితే 3,050. వీటిలో జీతాలూ రీచార్జీ నా ఊహ, మీ అసలు అంకెలు వేసి సరిచూసుకోండి.

6,667 పక్కన 1,941 పెడితే మీ దాత ముఖం వెలిగిపోతుంది. కానీ మొదటిది పది నెలలకు, రెండవది మూడు నెలలకు. నెలకు చూస్తే గదిలో 667, ఫోనులో 647. దాదాపు సమానం! గది పిల్లకు రోజుకు మూడు గంటలు ఇస్తుంది, ఫోను వారమంతటికీ గంటన్నర ఇస్తుంది. ఫోను చవకగా కనబడడానికి కారణం అది ఫోను కావడం కాదు, మూడు నెలలలో ముగిసిపోవడం. కాబట్టి అసలు వాదమంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది: ఆ పదకొండు వారాలలో నేర్చుకున్నది పిల్లలో ఎంతకాలం నిలుస్తుంది? అందుకు మీరు ఆరు నెలల తరువాత కూడా అదే పిల్లలను అవే ప్రశ్నలతో చూడవలసి ఉంటుంది.

మరొక పద్దు ఎవరూ రాయరు. 11 వారాలు, వారానికి మూడు అరగంటలు అంటే పదహారున్నర గంటలు తల్లి ఫోను పట్టుకుని పక్కన కూర్చోవాలి. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు ఆమె చేయించవలసిన అభ్యాసం మరో పద్దెనిమిది గంటలు. ఇళ్ళలో పాచిపని చేసే మనిషి గంటకు 60 రూపాయల విలువ కట్టుకుందనుకున్నా, సుమారు 2,100 రూపాయలు. అంటే సంస్థ పెట్టిన ఖర్చు కంటే తల్లి పెట్టినదే ఎక్కువ. ఖర్చు తగ్గిందని మనం చెప్పుకునే చోట చాలాసార్లు అది తగ్గదు, మన పుస్తకంలో నుండి ఆమె కొంగులోకి మారుతుంది. అంతమాత్రాన అది వ్యర్థమని నేను అనడం లేదు. బిడ్డతో రోజూ ఇరవై నిమిషాలు ఆడుకోవడం నేర్చుకున్న తల్లి ఆ తరువాత కూడా ఆడుకుంటుంది, ఆ లాభానికీ లెక్క ఉండాలి. రెండు వైపులా రాయమనే నా మనవి.

అడయారు పాఠకుడు:

పై సభ్యులు ఖర్చు వైపు బాగా చెప్పారు. ఫలితం వైపు నాలుగు మాటలు.

ఫోను పాఠాల మీద వచ్చిన పరిశోధనలన్నీ ఒకే దారిలో లేవు. కరోనా కాలంలో బోట్స్‌వానాలో సుమారు 4,500 ఇళ్ళతో చేసిన ప్రయోగంలో, వారానికి ఒకసారి ఇరవై నిమిషాల లోపు ఫోను పిలుపు, దానితో పాటు ఎస్సెమ్మెస్ అందుకున్న పిల్లలు లెక్కలలో 0.12 ప్రామాణిక విచలనం (పిల్లల మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) మేరకు మెరుగయ్యారు. ఎస్సెమ్మెస్ మాత్రమే అందుకున్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. తరువాత అదే పద్ధతిని భారత్, నేపాల్, కెన్యా, ఉగాండా, ఫిలిప్పీన్స్ దేశాలలో పరీక్షిస్తే అక్కడా మంచి ఫలితమే వచ్చింది. దీనికి విరుద్ధంగా సియెర్రా లియోన్‌లో టీచర్లు ఫోను చేసి పాఠం చెప్పిన ప్రయోగంలో పిల్లలు చదువు మీద గడిపే సమయం పెరిగింది గాని పరీక్షల మార్కులు పెరగలేదు. ఇవన్నీ ప్రాథమిక పాఠశాల పిల్లల మీద చేసినవి. మూడేళ్ళ పిల్లకు నేరుగా అన్వయించడం పొరపాటు. అవతలి గొంతు ఈ పిల్లకు ఇప్పుడు వచ్చినది ఏమిటో, రానిది ఏమిటో పట్టుకుని దానికి తగ్గట్టు మాట్లాడిందా లేదా అన్నదే ఈ తేడాకు మూలమని నాకు అనిపిస్తుంది. వీడియోలు ఫార్వర్డ్ చేసి ఊరుకునే కార్యక్రమానికి మీ దాత సిద్ధపడుతుంటే, అది ఎస్సెమ్మెస్ కిందికే వస్తుందని మర్యాదగా చెప్పండి.

దూరం నుండి చెప్పే చదువులో తలసరి ఖర్చు నిజంగా నేలకు దిగేది టీవీ విషయంలోనే. అమెరికాలో 1969లో మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమం మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. ఆ రోజులలో కొన్ని ఊళ్ళకు ప్రసారం బాగా అందేది, కొన్నింటికి అందేది కాదు. ఆ తేడాను ఆధారం చేసుకుని, బాగా అందిన చోట్ల పిల్లలు వయసుకు తగిన తరగతిలో ఉండే అవకాశం పెరిగిందని తేల్చారు. పిల్లకు ఏడాదికి నేటి విలువలో సుమారు 5 డాలర్ల ఖర్చు. అదే దేశంలో పేదపిల్లల కోసం ప్రభుత్వం నడిపే ‘హెడ్ స్టార్ట్’ బడులకు వేల డాలర్లు అవుతుంది. కానీ ఆ 5 డాలర్లు సాధ్యమైనది లక్షల మంది చూశారు కాబట్టి. 22 మంది పిల్లల కోసం మీరు టీవీ కార్యక్రమం తీయలేరు కదా.

అసలు మీరు పోల్చవలసినది గదినీ ఫోనునూ కాదని నా అభిప్రాయం. మన తమిళనాడులోనే అంగన్‌వాడీలలో జరిగిన ఒక ప్రయోగం ఉంది. గనిమియన్, మురళీధరన్, వాల్టర్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 320 కేంద్రాలను తీసుకుని, వాటిలో కొన్నింటికి లాటరీ వేసి, సగం రోజు పనిచేసే ఒక అదనపు మనిషిని మాత్రం ఇప్పించారు. పూర్వప్రాథమిక పాఠం చెప్పే సమయం రెట్టింపు అయింది. పద్దెనిమిది నెలల తరువాత, కేంద్రంలో కొనసాగిన పిల్లలకు లెక్కలలో 0.29, భాషలో 0.46 ప్రామాణిక విచలనాల మేలు కనిపించింది. తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గింది. పెట్టిన ఖర్చుకు 13 నుండి 21 రెట్లు లాభమని వారి అంచనా. పెరుంబాక్కంలో ఆ ఇళ్ళ దగ్గర అంగన్‌వాడీ ఉంటుంది. మీ సగం రోజు టీచరును ఫోను ముందు కూర్చోబెట్టే బదులు అనుమతి తీసుకుని అక్కడికి పంపితే ఏమవుతుందో కూడా లెక్క కట్టండి. ఆ 22 మందితో పాటు ఆ కేంద్రంలోని మిగతా పిల్లలకూ అందుతుంది.

విశ్రాంత సూపర్‌వైజరు, వేళచ్చేరి:

అందరికీ నమస్కారం. నేను చిత్తూరు జిల్లాలో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం) సూపర్‌వైజరుగా పనిచేసి, విశ్రాంతి తీసుకున్నాక కొడుకు దగ్గర చెన్నైలో ఉంటున్నాను. 1975లో ఆ పథకం మొదలైన నాటి నుండి ఆరు సేవలని చెబుతూ వచ్చారు. ఆ ఆరూ ఒక్క కార్యకర్త, ఒక్క ఆయా తలమీదే ఉంటాయి. పొద్దున బరువులు తూయడం, టీకాల రోజున ఏఎన్ఎమ్ (టీకాలు వేసే నర్సు) వెంట తిరగడం, రిజిస్టర్లు, ఇప్పుడు ఫోనులో నమోదులు. పాటా కథా చెప్పే వేళకు అన్నం వేళ అయిపోతుంది. అందుకని సగం రోజు మనిషి వస్తే ఫలితం వస్తుందన్న మాట విని నాకు ఆశ్చర్యం కలగలేదు. అయితే అడయారు వారు ‘అనుమతి తీసుకుని’ అన్న రెండు మాటల వెనక ఎన్ని నెలలు ఉన్నాయో నాకు తెలుసు. ఆ నెలలలో పిల్లలకు ఏమి చెబుతారు? అక్కడే ఫోను అక్కరకు వస్తుంది.

కరోనా సమయంలో మా సెక్టారులో కార్యకర్తలు ఇళ్ళకు ఫోనులు చేశారు. నేను రోజూ ఒకరి పక్కన కూర్చుని వినేదాన్ని. ఒక సంగతి చెబుతాను. కార్యకర్త ఫోనులో, ‘బుజ్జీ, మీ ఇంట్లో పిల్లులు ఎన్ని ఉన్నాయమ్మా?’ అని అడిగింది. అటు నుండి చప్పుడు లేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ నిశ్శబ్దం. ఆమె తన రిజిస్టరులో ‘స్పందన లేదు’ అని రాయబోతుండగా తల్లి గొంతు వినిపించింది: ‘చెప్తా ఉండాది మేడం, మూడు వేళ్ళు చూపిస్తా ఉండాది.’ నాలుగేళ్ళ పిల్ల వేళ్ళతో చెబుతుంది, తల ఊపుతుంది, పరిగెత్తిపోయి పిల్లినే ఎత్తుకొస్తుంది. మామూలు ఫోనులో ఇవేవీ అవతలికి చేరవు. అందువల్ల ఈ వయసులో ఫోను పాఠం పిల్లకు కాదు, తల్లికి. తల్లి చేతికి ఏమి ఇస్తున్నాము, ఆమె దానిని ఎలా చేయిస్తోంది అన్నదే చూడవలసినది. లెబనాన్‌లో కూడా టీచర్లు మాట్లాడినది ముఖ్యంగా పెద్దలతోనే అని విన్నాను, అది సబబే.

రెండవది వేళ. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది తండ్రితో ఉదయం ఆరింటికి బయటకు వెళ్ళి రాత్రికి వస్తుంది. రాత్రి ఎనిమిదిన్నర దాటితే పిల్ల నిద్రపోతుంది. మధ్యలో దొరికేది ముప్పావుగంట, అది తల్లి వంట చేసే వేళ. మీ కాగితం మీద వారానికి మూడు పిలుపులని రాసుకున్నా, నిజంగా నడిచేవి రెండే అని ముందే అనుకుని లెక్క కట్టుకోండి. వరద వచ్చిన వారం మాత్రం ఫోను మీద అసలు ఆశ పెట్టుకోవద్దు. కరెంటు ఉండదు, చార్జింగు ఉండదు, ఉన్న కాస్త చార్జింగు బంధువుల క్షేమం కనుక్కోవడానికే చాలదు. ఆ వారం పిల్లలకు కావలసింది పాలూ పొడిబట్టలూ.

మూడవది, మీరు గదిలో పాలూ పండ్లూ ఇస్తున్నామని రాశారు. ఫోనులో పాలు పోయలేము. ఆ 7,000 రూపాయలను మిగులుగా చూపించే ముందు ఆ పిల్లల బరువులు ఒకసారి తూచి రాసి పెట్టుకోండి.

పెరంబూరు వాసి:

ఇంత శ్రద్ధగా సమాధానాలు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. పద్దుల మనిషి గారి నెలసరి అంకెలను యథాతథంగా కాగితం మీద వేసి దాతగారికి చూపించాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, ‘అయితే పది నెలలు ఫోను పాఠాలు చెప్పినా గది ఖర్చే అవుతుందన్న మాట’ అన్నారు. గది మూసే ప్రస్తావన అక్కడితో ఆగింది. మరో వంద మందిని చేర్చుకోవడం గురించి మాత్రం ఆయన పట్టు విడవలేదు.

మేము అనుకుంటున్నది ఇది. ఇక్కడి 38 మందికి గది యథావిధిగా నడుస్తుంది. అక్కడి 22 మందికి 11 వారాలు ఫోను పాఠాలు, రెండు వారాలకు ఒక ఆదివారం టీచరు స్వయంగా వెళ్ళి ఆ ఇళ్ళ మెట్ల కింద ఉన్న ఖాళీ స్థలంలో పిల్లలను కూర్చోబెట్టడం. దానితో పాటు అక్కడి అంగన్‌వాడీలో సగం రోజు మనిషిని పెట్టడానికి దరఖాస్తు ఈ వారమే ఇస్తున్నాము.

నాలుగు కుటుంబాలతో ఒక వారం ప్రయత్నించి చూశాము. వేళచ్చేరి అమ్మగారు చెప్పినట్టే మూడు పిలుపులలో రెండే నడిచాయి. ఒక తల్లి మాత్రం, మీరు ఫోను చేసే వేళకు నేను బియ్యం కడుగుతుంటాను కనుక బియ్యంతోనే చేయగలిగేది ఏదైనా చెప్పండి అని అడిగింది. మా టీచరు అప్పటికప్పుడు చిన్న గ్లాసుతో కొలిచి లెక్కపెట్టించింది.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ముందూ వెనకా పిల్లలను పరీక్షించడానికి అయ్యే ఖర్చును తలసరి ఖర్చులో కలపాలా? రెండు, ఫోనులో అంకెలు తెలుగులో చెప్పించాలా, తమిళంలోనా? అక్కడి తల్లులు ఇద్దరు తమిళమే కావాలంటున్నారు, ఇద్దరు తెలుగు పోకూడదంటున్నారు.

పద్దుల మనిషి, బెంగళూరు:

పరీక్షించే ఖర్చును విడిగా చూపించండి. అది కార్యక్రమం నడపడానికి అయ్యేది కాదు, తెలుసుకోవడానికి అయ్యేది. వచ్చే ఏడాది ఉండదు. టీచరుకు ఇచ్చే శిక్షణ ఖర్చును మాత్రం కలపాలి, ఎంతకాలం ఉపయోగపడుతుందో అన్ని నెలలకు పంచి వేయాలి. టీచరు మారిపోతే మళ్ళీ మొదటి నుండి అవుతుందని కూడా రాసుకోండి, చిన్న సంస్థలలో లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

వంద మంది సంగతికి వస్తే, ఫోను పాఠాలలో పిల్లలు పెరిగే కొద్దీ తలసరి ఖర్చు తగ్గుతుందని అందరూ అనుకుంటారు. ముద్రించే అట్టలకు, పర్యవేక్షణకు అది కొంత నిజం. గుంపుకు నలుగురైదుగురే ఉండాలన్న నియమం పాటిస్తే టీచరు జీతం మాత్రం పిల్లలతో పాటే పెరుగుతుంది. మీ 42,700లో 18,000 అదే, రీచార్జి మరో 13,200. రెండూ తలకు ఇంతని పడేవే. గుంపులో పదిహేను మందిని పెట్టి తలసరి ఖర్చును దించవచ్చు, కానీ అప్పుడు బియ్యం కడిగే తల్లి మాట టీచరు చెవిన పడదు. దాతగారికి ఈ మాట కూడా అంకెలతోనే చెప్పండి, వారు అంకెలు వినే మనిషిలా ఉన్నారు.

విశ్రాంత సూపర్‌వైజరు, వేళచ్చేరి:

బాబూ, భాష విషయం నాకు వదలండి. ఇంట్లో ఏ భాషలో బియ్యం అడుగుతారో ఆ భాషలోనే మొదలుపెట్టించండి. తమిళం కావాలన్న తల్లుల భయం న్యాయమైనదే, రేపు బడిలో పిల్ల వెనకబడకూడదన్నది వారి బాధ. వారికి ఒక వారం తెలుగులో, మరుసటి వారం అదే ఆటను తమిళంలో చేయించమని చెప్పండి, ఎవరి మాటా తీసేసినట్టు ఉండదు. పిల్లలు మనం అనుకున్నంత తికమక పడరు. మా పక్కింటి పసిది మొన్న మెట్లు దిగుతూ ‘ఒకటి, రెండు, మూణు’ అని లెక్కపెట్టింది. రెండు అన్నది తెలుగో తమిళమో దానికీ తెలియదు, నాకూ తెలియలేదు. మెట్లు మాత్రం సరిగ్గానే లెక్కపెట్టింది.

టీచరును పెరుంబాక్కం పంపే ఆదివారం నాకు ఒక రోజు ముందు కబురు చేయండి. వేళచ్చేరి నుండి దగ్గరే కనుక నేనూ వస్తాను. బరువు తూచే యంత్రం మీ దగ్గర లేకపోతే ఎక్కడైనా అడిగి తెస్తాను.